కుక్కకి పాల దగ్గర గడ్డ వస్తే ఏం చెయ్యాలి, ఏది ముందు చెయ్యాలి

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. మా పింకీకి ఈ జబ్బు, అంటే పాల గ్రంథుల క్యాన్సర్, వచ్చింది, తొమ్మిదేళ్ల స్పిట్జ్ అది, అమ్మినవాడు పొమేరియన్ అని చెప్పి అంటగట్టాడు, సరే అది వేరే కథ. గడ్డ కనిపించిన దగ్గర్నుంచి చివరి దాకా దాదాపు రెండేళ్లు, రెండు ఆపరేషన్లు, నాలుగు కీమోలు చూశాం. ఆ రెండేళ్లలో డాక్టర్లని విసుగొచ్చేదాకా అడిగి తెలుసుకున్నవి, మేం చేసిన తప్పులు, అన్నీ వరసగా రాస్తున్నా. మందుల డోసులు మాత్రం రాయను, అవి బరువు చూసి, రక్తం రిపోర్టులు చూసి డాక్టర్ చెప్పాల్సినవి.

మొదటి పని, చేత్తో తడిమి చూడటం

ఆడకుక్కకి మామూలుగా 5 జతలు, అంటే 10 పాల గ్రంథులు, ఛాతీ దగ్గర మొదలై గజ్జల దాకా రెండు వరసలుగా ఉంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమురుతూ, ఒక్కో చనుమొన చుట్టూ చర్మాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపినట్టు చూడండి. కింది రెండు జతలు, గజ్జల వైపువి, జాగ్రత్తగా చూడండి, ఎక్కువ గడ్డలు అక్కడే వస్తాయి. ఆవగింజ అంతది తగిలినా, శనగ గింజ అంతది తగిలినా లెక్కలోకే వస్తుంది. చంకల్లోనూ గజ్జల్లోనూ బిళ్ల (లింఫ్ గ్రంథి) కట్టిందేమో కూడా చూడాలి, ఎందుకంటే ఇది పాకితే ముందు పాకేది అక్కడికే. నెలకోసారి చాలు, స్నానం చేయించే రోజు పెట్టుకుంటే మర్చిపోరు.

ఎదకొచ్చి వెళ్లిన రెండు నెలలకి కొన్ని కుక్కలకి కడుపు రాకపోయినా పాలు పడతాయి, రొమ్ములు బరువుగా అవుతాయి, బొమ్మలు తీసుకెళ్లి పిల్లల్లా దాచుకుంటాయి. అది దానంతట అదే రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. గడ్డ అలా తగ్గదు. కాబట్టి పాల వాపు తగ్గాక మళ్లీ తడిమి చూడండి, గట్టిగా ఏదైనా మిగిలితే అది చూపించాల్సిందే.

దొరికితే కొలవండి, అంచనాగా కాదు, స్కేలుతో. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం పక్కన పెట్టి ఫోటో తియ్యండి, ఆ నాణెం అడ్డంగా 27 మిల్లీమీటర్లు. ఎందుకు చెప్తున్నానంటే ఈ జబ్బులో 3 సెంటీమీటర్లు అనేది పెద్ద గీత. 3 లోపల ఉన్నప్పుడు తీయిస్తే ఒక కథ, 3 నుంచి 5 మధ్యయితే ఇంకో కథ, 5 దాటితే (ఏటీఎం కార్డు వెడల్పు దాదాపు అంతే) మరో కథ. ఫోటో కింద తేదీ రాసి పెట్టుకోండి.

మేం చేసిన మొదటి తప్పు ఇక్కడే. శనగ గింజ అంత ఉన్నప్పుడు మా వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే "కొవ్వు గడ్డ అమ్మా, చూద్దాంలే" అన్నారు, మేమూ హాయిగా ఇంటికొచ్చేశాం, ఏడు నెలలు చూస్తూనే కూర్చున్నాం, మధ్యలో ఒకసారి ఎదకొచ్చింది, ఆ తర్వాత చూస్తే నిమ్మకాయంత. చేత్తో పట్టుకుని కొవ్వు గడ్డో క్యాన్సరో తేల్చడం ఎంత పెద్ద డాక్టర్‌కైనా కుదరదు. "చూద్దాం" అంటే "దేనితో చూద్దాం సార్, సూదితో చూద్దామా" అని అడగండి.

రెండో పని, కంగారు పడకుండా డాక్టర్ దగ్గరికెళ్లడం

కుక్కల్లో ఈ గడ్డల్లో దాదాపు సగం మామూలువి, సగం క్యాన్సర్. క్యాన్సర్ అని తేలినవన్నీ కూడా ఒళ్లంతా పాకవు. అంటే గడ్డ కనపడగానే ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు, అలాగని వదిలెయ్యకూడదు. (పిల్లులుంటే లెక్క వేరు, వాటిలో పదికి ఎనిమిది తొమ్మిది చెడ్డవే, అస్సలు ఆగకండి.)

అడగాల్సినవి ఇవి. ఒకటి, ఎఫ్‌ఎన్‌ఏసీ, సన్న సూదితో గడ్డలోంచి కొంచెం తీసి స్లైడ్ మీద చూస్తారు, మత్తు కూడా అవసరం లేదు. దీంతో మంచిదో చెడ్డదో ప్రతిసారీ తేలదు గానీ, అది నిజంగా పాల గ్రంథి గడ్డేనా, కొవ్వా, చర్మానికి వచ్చే మాస్ట్ సెల్ ట్యూమరా అన్నది తెలుస్తుంది, దాన్నిబట్టి ఆపరేషన్ ప్లాన్ మారిపోతుంది. రెండు, ఛాతీ ఎక్స్‌రే, ఒక్క ఫిల్ము చాలదు, కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా, మూడు కావాలి. పడుకున్న వైపు ఊపిరితిత్తి నలిగి అందులో చుక్కలు దాక్కుంటాయి, అందుకని. ఎక్స్‌రే క్లీన్‌గా ఉందంటే ఏమీ లేదని కాదు, మరీ చిన్నవి దాంట్లో పడవు, సీటీలో అయితే పడతాయి. మూడు, రక్త పరీక్షలు, కిడ్నీ, లివర్, ప్లేట్‌లెట్లు.

ప్లేట్‌లెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర కుక్కలకి పిడుదుల జ్వరం మామూలే కదా, పైకి హుషారుగా ఉన్నా లోపల ఎర్లికియా (పిడుదుల వల్ల వచ్చే క్రిమి) ఉండి ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, అలాంటప్పుడు కోస్తే రక్తం ఆగదు. మా పింకీకి రెండో ఆపరేషన్ మూడు వారాలు వాయిదా పడింది దీనివల్లే, ముందు డాక్సీసైక్లిన్ కోర్సు వాడి, ప్లేట్‌లెట్లు పెరిగాక కోశారు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, మీ ఊళ్లో సర్జరీ బాగా చేసే డాక్టరుంటే సరే, లేకపోతే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి, హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్, విజయవాడ వైపు గన్నవరం, సీమ వాళ్లకి తిరుపతి, ప్రొద్దుటూరు. నెల్లూరు వైపు వాళ్లయితే మద్రాసు వేపేరి కాలేజీకి కూడా వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడాలి, ఓపిక కావాలి, కానీ సర్జరీ వాళ్లూ పాథాలజీ వాళ్లూ ఒకే క్యాంపస్‌లో ఉండటం ఈ జబ్బుకి చాలా పెద్ద లాభం.

ఆగి చూసుకోవాల్సిన చోటు, కొయ్యకూడని రకం

ఇది తప్పకుండా చదవండి. ఇన్‌ఫ్లమేటరీ కార్సినోమా అని ఒక రకం క్యాన్సర్ ఉంది, అన్నిట్లోకీ చెడ్డది. ఇందులో విడిగా గడ్డ కనపడకపోవచ్చు, రొమ్ము వరస మొత్తం ఎర్రగా, వేడిగా, అట్టలాగా గట్టిపడి వాస్తుంది, ముట్టుకుంటే కుక్క అరుస్తుంది, ఒక్కోసారి పక్కనున్న వెనక కాలు కూడా వాచిపోతుంది. చూసినవాళ్లంతా పాల గడ్డలు కట్టాయనో చర్మానికి చీము పట్టిందనో అనుకుని యాంటీబయాటిక్ ఇస్తారు. పిల్లలకి పాలిచ్చే కుక్కకి అలా వస్తే నిజంగానే ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు. కానీ పాలివ్వని పెద్ద వయసు కుక్కకి వచ్చి, వారం రోజులు మందు వాడినా తగ్గకపోతే ఇంకో కోర్సు మొదలుపెట్టకుండా బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) అడగండి.

ఈ రకానికి మామూలుగా ఆపరేషన్ చెయ్యరు, చర్మం లోపలి లింఫ్ నాళాల్లో అది అప్పటికే అల్లుకుని ఉంటుంది కాబట్టి కోసిన అంచులోనే మళ్లీ వస్తుంది, కుట్లు మానవు, కొన్నిటికి రక్తం గడ్డకట్టే పద్ధతే చెడిపోతుంది. పైరాక్సికామ్ లాంటి మందులతో నొప్పి, వాపు తగ్గించి ఉన్నన్నాళ్లు సుఖంగా ఉంచుతారు. ఉండేది ఎక్కువగా వారాల్లో లెక్క, నెల రెండు నెలలు. వినడానికి కష్టంగానే ఉంటుంది గానీ, అనవసరంగా కోయించి ఆ నెల కూడా నరకం చెయ్యడం కన్నా తెలుసుకోవడమే నయం.

ఆపరేషన్

మిగతా రకాలన్నిటికీ అసలు వైద్యం కత్తే. గడ్డ ఎంత, ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి అన్నదాన్నిబట్టి గడ్డ ఒక్కటే తియ్యడం, ఆ గ్రంథి తియ్యడం, పక్క గ్రంథులతో కలిపి తియ్యడం, ఒక వైపు వరస మొత్తం తీసెయ్యడం ఉంటాయి. పెద్దగా కోస్తే ఎక్కువ బతుకుతుందని కాదు, గడ్డ చుట్టూ మంచి కండ కొంచెం కలిపి శుభ్రంగా రావాలి, అదీ లెక్క. ఐదో గ్రంథి తీసేటప్పుడు గజ్జల్లో బిళ్ల కూడా దాంతోపాటే వస్తుంది, రాకపోతే తీసి పంపమని అడగండి.

స్పే (పిల్లలు పుట్టకుండా అండాశయాలు, గర్భసంచి తీసెయ్యడం) చేయించని కుక్కయితే అదే మత్తులో గర్భసంచి కూడా తీయించాలా అని అడుగుతారు. గర్భసంచికి చీము పట్టే బాధ తప్పుతుంది, మిగిలిన గ్రంథుల్లో కొత్త గడ్డలు తగ్గొచ్చు, అంచేత చాలామంది చేయించమంటారు. కానీ ముదిరిపోయిన రకాన్ని అది నయం చెయ్యదు. చేయిస్తే పొట్ట పని ముందు, గడ్డ పని తర్వాత, లేకపోతే గడ్డ కణాలు చేతి గ్లవుజులతో పొట్టలోకి పోయే ప్రమాదం. మంచి సర్జన్‌కి ఇది మనం చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక మెడకి వేసిన ప్లాస్టిక్ కోన్ తియ్యకండి, "పాపం" అని తీశారంటే పది నిమిషాల్లో కుట్లు నాకి ఊడదీసుకుంటుంది. పాత కాటన్ బనీను తొడిగితే గాయానికి గాలి ఆడుతుంది, ఈగ వాలదు. కింద నీరు పట్టినట్టు మెత్తగా ఉబ్బడం చాలావరకు మామూలే, కానీ కంపు, చీము, వేడి ఉంటే వెంటనే తీసుకెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, తీసిన గడ్డ ఎటు పోయింది

మా మొదటి ఆపరేషన్ అయ్యాక కాంపౌండర్ ఆ గడ్డని ట్రేలో పెట్టి చూపించాడు, మా అమ్మ "అబ్బా ఇంత ఉందా" అంది, అంతే, అది చెత్త డబ్బాలోకి పోయింది. ల్యాబ్‌కి పంపుతారా అని అడగాలని మాకు తెలీదు, పంపాలని వాళ్లు చెప్పలేదు. గడ్డ పోయింది కదా అని లడ్డూలు కూడా పంచాం. ఐదు నెలలకి అదే వరసలో మళ్లీ మూడు. అప్పుడు కాలేజీ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "మొదటి గడ్డ రిపోర్ట్ ఏది?" తల దించుకున్నాం.

అందుకే ఆపరేషన్‌కి డేట్ తీసుకున్న రోజే హిస్టోపాథాలజీకి (ముక్కని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) పంపుతారా, ఏ ల్యాబ్, ఎన్ని రోజులు అని అడిగేయండి. పంపే ఏర్పాటు లేదంటే మీరే చెయ్యొచ్చు. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా కొనండి, సన్న మూతి సీసాలో మెత్తగా ఉన్నప్పుడు దూర్చేస్తారు గానీ ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) గట్టిపడ్డాక అది బయటికి రాదు. 10 శాతం ఫార్మలిన్, గడ్డకి పదింతలు పొయ్యాలి. గడ్డలు మూడుంటే మూడూ పంపాలి, వేరే వేరే డబ్బాల్లో, ఏ డబ్బాలోది ఏ గ్రంథిదో రాసి. ఒకటి మామూలుది పక్కది క్యాన్సర్ అవ్వడం సర్వసాధారణం. అంచుల గురించి కూడా చెప్పమని ఫారం మీద రాయించండి. మూత గట్టిగా బిగించి, ఆ ఫార్మలిన్ ఘాటు ముక్కుకి తగలకుండా చూసుకోండి.

రిపోర్ట్ వచ్చాక ఏం చదవాలి

నాలుగు చోట్ల చూడండి. రకం పేరు, గ్రేడు, అంచులు శుభ్రమా కాదా, లింఫ్ నాళాల్లో గానీ బిళ్లలో గానీ కణాలున్నాయా.

గ్రేడు ఎలా ఇస్తారంటే మూడు విషయాలకి ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు, కణాలు గొట్టాలుగా పద్ధతిగా అమరాయా, కణం మధ్యనుండే కేంద్రకాలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయా, ఎంత జోరుగా చీలుతున్నాయి. మొత్తం 3-5 అయితే గ్రేడ్ 1, 6-7 అయితే గ్రేడ్ 2, 8-9 అయితే గ్రేడ్ 3. మార్కులు తక్కువొస్తే సంతోషించే పరీక్ష ఇదొక్కటే.

ఇక ఎన్నాళ్లు అన్న ప్రశ్న. 3 సెంటీమీటర్ల లోపు, గ్రేడ్ 1, అంచులు శుభ్రం, బిళ్లలు శుభ్రం అయితే చాలా కుక్కలకి ఆపరేషనే వైద్యం, తర్వాత ముసలితనంతోనో ఇంకో జబ్బుతోనో పోతాయి గానీ దీనితో కాదు. కాంప్లెక్స్, మిక్స్‌డ్ అని రాసిన కార్సినోమాలు మామూలు వాటికంటే కొంచెం మెతక. గ్రేడ్ 3, దానికి తోడు లింఫ్ నాళాల్లో కణాలు అంటే తిరగబడే అవకాశమే ఎక్కువ, అదీ మొదటి ఏడాదిలోపే. బిళ్లల్లోకి వెళ్లాక చాలావాటికి లెక్క నెలల్లోకి వస్తుంది. అనాప్లాస్టిక్ అని రాస్తే సుమారు మూడు నెలలు. ఊపిరితిత్తుల్లో కనపడితే కొద్ది నెలలే. ఇవన్నీ సగటు లెక్కలు, మీ కుక్క ఆ లెక్కలు చదవలేదు. మా పింకీకి సాలిడ్ కార్సినోమా గ్రేడ్ 3, గజ్జ బిళ్లలో కణాలు. ఆరు నెలలు అనుకోండి అన్నారు, పది నెలలు ఉంది, అందులో ఎనిమిది బాగా ఉంది.

కీమో పెట్టించాలా

గ్రేడ్ 3, బిళ్లల్లో ఉన్నవాటికి, లింఫ్ నాళాల్లో కనపడ్డవాటికి కార్బోప్లాటిన్ గానీ డాక్సోరూబిసిన్ గానీ మూడు వారాలకోసారి పెడతారు. నిజం చెప్పాలంటే మనుషుల రొమ్ము క్యాన్సర్‌లో కీమోకి ఉన్నంత గట్టి రుజువు కుక్కల్లో లేదు, కొన్నిటికి పనిచేసింది, కొన్నిటికి తేడా లేదు. మీ డబ్బు, మీ ఓపిక, కుక్క వయసు చూసుకుని తీసుకునే నిర్ణయం, వద్దనుకున్నవాళ్లని ఎవరూ తప్పు పట్టకూడదు.

పెట్టిస్తే, డాక్సోరూబిసిన్‌కి ముందు గుండె ఎకో చేయించండి, ఆ మందు మొత్తం కలిపి ఒక హద్దు దాటితే గుండె కండరాన్ని దెబ్బ తీస్తుంది. నరం బయటికి కారితే అక్కడ కండ కుళ్లిపోతుంది, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లే ఎక్కించాలి. మందు పడ్డ వారం పది రోజులకి, కార్బోప్లాటిన్‌కి ఇంకొన్ని రోజులు ఆలస్యంగా, తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి, కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, 103 దాటి నీరసంగా ఉంటే అర్ధరాత్రైనా డాక్టర్‌కి ఫోన్. మూడు రోజుల పాటు మూత్రం, దొడ్డి గ్లవుజులు వేసుకుని ఎత్తండి, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఉంటే వాళ్లని ఆ పనికి రానివ్వకండి. మనుషుల్లాగా బొచ్చంతా ఊడదు, పింకీకి మీసాలు రాలాయి, పూడిల్, షీత్జూ లాంటి వాటికి మాత్రం బొచ్చు ఊడుతుంది.

వీధి కుక్కలకి అన్నం పెట్టేవాళ్లు ఒకటి అడుగుతుంటారు, వారానికో ఇంజెక్షన్ చొప్పున నాలుగైదు చేయిస్తే గడ్డ కరిగిపోయింది కదా, దీనికీ అదే చెయ్యొచ్చుగా అని. అది విన్‌క్రిస్టిన్, ఆ గడ్డ జననాంగాల దగ్గర వచ్చే టీవీటీ, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే వేరే జబ్బు. దీనికి అది పనిచెయ్యదు. అలాగే మనుషులకిచ్చే టామాక్సిఫెన్ కుక్కల్లో గర్భసంచికి చీము లాంటి తంటాలు తెస్తుంది, ఇంట్లో ఎవరికో రాసినవి మిగిలాయని వేసెయ్యకండి.

ఇంట్లో రోజువారీ

నొప్పికి మెడికల్ షాపు మాత్రలు వద్దు, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేసి కిడ్నీలు తీసేస్తాయి. డాక్టర్ రాసిన మెలాక్సికామ్, పైరాక్సికామ్ లాంటివి అన్నం తిన్నాకే, స్టెరాయిడ్‌తో కలిపి ఎప్పుడూ వద్దు, దొడ్డి నల్లగా తారులా వస్తే మాత్ర ఆపి ఫోన్ చెయ్యండి. తిండి మరీ ఆలోచించకండి, కోడి ఉడకబెట్టిన నీళ్లు అన్నంలో కలిపి కొంచెం గోరువెచ్చగా పెడితే వాసనకే తింటుంది, ఉల్లిపాయ, కిస్‌మిస్ మాత్రం వద్దు. పసుపు, వేప, ఎవరో చెప్పిన పసరు పుండు మీద పట్టించి నెలలు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను.

గడ్డ పగిలి పుండైతే రోజూ సెలైన్‌తో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి, ఎండాకాలం, వానాకాలం అయితే లోపలే ఉంచండి, ఒక్క ఈగ చాలు, రెండో రోజుకి పురుగులు. ఫినాయిల్ పొయ్యకండి.

రాత్రి నిద్రపోయాక నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి, 30 లోపు ఉండాలి, వరసగా రెండు మూడు రోజులు పైన ఉంటే మళ్లీ ఛాతీ ఎక్స్‌రే. మొదటి ఏడాది ఎలాగూ రెండు మూడు నెలలకోసారి తీయించాలి.

ఇంట్లో ఇంకో ఆడకుక్క చిన్నది ఉంటే స్పే గురించి ఇప్పుడే మాట్లాడండి. 1969 నాటి అమెరికా లెక్కల్లో మొదటి ఎదకి ముందు చేయిస్తే ఈ గడ్డల ముప్పు, స్పే చేయించని కుక్కలకున్న ముప్పులో 0.5 శాతం, ఒకసారి ఎదకొచ్చాక 8, రెండుసార్లు వచ్చాక 26 అని ఉంది. ఆ లెక్కలు అంత గట్టివి కావని తర్వాత కొందరు వాదించారు, పెద్ద జాతులకి మరీ చిన్నప్పుడు చేయిస్తే కీళ్ల గొడవలు ఉంటాయి, కాబట్టి వయసు డాక్టర్‌తో తేల్చుకోండి. ఎదకి రాకుండా వేసే హార్మోన్ ఇంజెక్షన్లు మాత్రం అస్సలు వద్దు, అవి ఈ గడ్డలకి దారి తీస్తాయి.

చివరి రోజులు

గోడ క్యాలెండర్ మీద రోజూ ఒక గుర్తు పెట్టండి, తిన్నదా, తోక ఊపిందా, లేచి గుమ్మం దాకా వచ్చిందా. బాగున్న రోజుకి టిక్కు, బాగోని రోజుకి ఇంటూ. మనసుకి ప్రతి రోజూ "నిన్నటికంటే నయమే" అనిపిస్తుంది, క్యాలెండర్‌కి అనిపించదు. మాకు ఒక వారంలో ఐదు ఇంటూలు వచ్చాయి, ఆ ఆదివారం మా నాన్నే ఫోన్ తీశారు.

బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇంటికొచ్చి చేస్తారేమో డాక్టర్‌ని అడగండి, బల్ల మీద భయంతో వణకడం ఉండదు. ముందు మత్తు సూది వేస్తారు, నిద్రపోయాకే నరంలోకి రెండోది. మత్తు లేకుండా నేరుగా వేస్తామంటే ఒప్పుకోకండి. ఊపిరి ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఛాతీ ఎగరొచ్చు, మూత్రం పోవచ్చు, అది నొప్పి కాదు, అందుకని కింద పాత దుప్పటి వెయ్యండి. కళ్లు తెరుచుకునే ఉంటాయి, మనం చేత్తో మూసినా మళ్లీ తెరుచుకుంటాయి. పిల్లలు పక్కన ఉంటామంటే ఈ మాట వాళ్లకి ముందే చెప్పండి, మేం చెప్పలేదు, మా చిన్నోడు చాలా రోజులు "పింకీ నన్నే చూస్తోంది కదా, ఎందుకు పూడ్చారు" అని అడిగాడు.